నాలుగో నంబరు బూత్

కమిటీలో ఏడుగురం.
ఆరుగురు చదువుకున్నవాళ్ళు, ఏడోదాన్ని నేను.
ఎంగురి నదికి ఇవతలి ఊళ్ళో, పోస్టాఫీసు వెనకగదిలో
ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ప్లగ్గులు మార్చినదాన్ని.
నన్నెందుకు పిలిచారో మొదటిరోజు తెలియలేదు.
కిటికీ పక్కన కూచోబెట్టి
గుప్పెడు హేజెల్ గింజలు చేతిలో పోశారు.

బల్ల మీద నగరసభ కాగితం:
యుద్ధంలో చనిపోయిన విలేకరులకు స్మారక శిల్పం.
ఎత్తు నాలుగు మీటర్లకు తగ్గరాదు.
లెనిన్‌ని దింపేసిన దిమ్మెనే వాడుకోవలెను, ఖర్చు కలిసివచ్చును.

రెవాజ్ రెక్కలుండాలన్నాడు.
పక్కాయన కలం అన్నాడు. పెద్దది,
మబ్బులో గుచ్చుకునేంత.
ఇంకొకాయన పావురం అని
తనకే సిగ్గేసి టీ కలుపుకుంటూ ఉండిపోయాడు.

శిల్పి త్సియాలా పెదవి విప్పలేదు.
మట్టి ఎండిన గోళ్ళతో ఫొటోలు తిరగేసి తిరగేసి
నావైపు జరిపింది.
"వీళ్ళలో మీకు తెలిసినవాళ్ళెవరు?"

మొహాలు తెలియవమ్మా.
గోడకి అటు నా స్విచ్‌బోర్డు, ఇటు వాళ్ళ బూతులు.
గొంతులు తెలుసు.
ఒకడు ఊళ్ళ పేర్లు అక్షరం అక్షరం విడగొట్టి చెప్పేవాడు,
తప్పు పడితే ఆ ఊరు రెండోసారి కాలిపోతుందన్నట్టు.
మజ్వాలా అని ఒకామె, చచ్చినవాళ్ళ లెక్క చదివేముందు
ప్రతిసారీ గొంతు సవరించుకునేది,
చర్చి గుమ్మంలో తలగుడ్డ కప్పుకున్నట్టు.
నుగ్జార్‌కి వార్త అయిపోయినా ఫోను పెట్టబుద్ధయ్యేది కాదు.
"అక్కా, ఇవాళ మీ ఇంట్లో ఏం వండారు?"
మొక్కజొన్న సంకటి.
"జున్నుతోనేనా?"
జున్ను మొహం చూడని నెలల్లో కూడా
అవుననే చెప్పాను.

ఆ సెప్టెంబరు సాయంత్రం
నాలుగో నంబరు బూతులోంచి సగం వాక్యం చెప్పాడు:
"వంతెన మీద జనం..."
బయట జెమాల్ కారు హారన్ రెండుసార్లు మోగింది.
"అక్కా, లైన్ తియ్యకు. చూసి వస్తా."

తియ్యలేదు.
రాజధానిలో పెన్సిలు పట్టుకు కూచున్న పిల్ల
హలో, హలో, అంటూనే ఉంది.
తీగకి వేలాడే రిసీవరు
బూత్ చెక్కకి తగులుతున్న చప్పుడు.
టక్.
చాలాసేపటికి ఇంకొకటి.
ముప్పై ఎనిమిదో నిమిషంలో ఊరంతా కరెంటు పోయింది.

కార్యదర్శి కళ్ళజోడు తుడుచుకున్నాడు.
"విచారకరమే. కానీ దీనికి రుజువేమైనా ఉందా?
పైగా ఆ జెమాల్, జాబితాలో లేడు.
ప్రెస్ కార్డు లేదు. కిరాయి డ్రైవరు."

చేతిసంచి తెరిచాను.
పసుపుపచ్చ చీటీ, మడతల దగ్గర చిరుగులు:
అనుమతి లేకుండా లైన్ తెరిచి ఉంచినందుకు
ముప్పై ఎనిమిది నిమిషాలు, జీతంలో కోత.
ఆ డబ్బుకి అప్పట్లో అర రొట్టె కూడా రాదు.
అయితే తేదీ ఉంది, ముద్ర ఉంది.
మా పైఅధికారి పిసినారే గానీ రాతలో నిక్కచ్చి మనిషి.
కారణం అన్న గడిలో పొందిగ్గా రాశాడు:
"విలేకరియు, అతని డ్రైవరు జెమాలును తిరిగి రానందున."

ఓటింగు నాలుగు, మూడు.
దిమ్మె తీసేస్తారు. నేలమీదే ఒక చెక్కబూత్, కంచుతో,
తలుపు ఓరగా.
రిసీవరు మోకాలి ఎత్తున వేలాడుతుంది.
పిల్లలు పట్టుకుని ఊగుతారన్నాడు రెవాజ్.
ఊగనీ, అంది త్సియాలా.
పేర్లు పదకొండు. పదకొండోది జెమాల్.
సగం డబ్బు ఇంకా రాలేదు.

నిన్నరాత్రి కుతైసీ కొలిమి నుంచి ఫోను చేసింది.
తీగ పోతలో విరిగిందట, మళ్ళీ కరిగిస్తున్నారట.
వెనక ఎవరో కేకేశారు.
"ఒక్క నిమిషం, పెట్టెయ్యకండి, చూసి వస్తా."

చెవికి ఆనించుకునే నిలబడ్డాను.
పొయ్యి మీద ఉడుకుతున్నది ఉడుకుతూనే ఉంది.
ఎంతసేపో గడియారం వైపు చూడలేదు.

"ఉన్నారా?" అంది తిరిగొచ్చి, రొప్పుతూ.
ఉన్నానమ్మా.
సంకటి అడుగంటింది, అంతే.